పన్నెండింట ఒక్కటి



పోయిన ఆదివారం మన సంఘం కమిటీ సమావేశం మధ్యలోనే ఆగిపోయిందని మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. వాట్సాప్‌లో ఆ సంగతి రకరకాలుగా తిరుగుతోంది. అందుకని జరిగింది జరిగినట్టు మేమే చెబుతాం.

ఏటా జూన్‌లో మైలాపూరు, మందవెల్లి, రాయపేట ప్రాంతాల తెలుగు పిల్లలకు మనం ఇచ్చే విద్యా సహాయం గురించి ఆ రోజు చర్చ. ఇన్నాళ్ళూ పద్ధతి ఒకటే. ప్లస్ టూ మార్కులు చూస్తాం, పైనుంచి పన్నెండు మందిని తీసుకుంటాం. ఈసారి ఒక సభ్యురాలు లేచి, "పన్నెండులో రెండు మన వీధులూడ్చే తెలుగు కుటుంబాల పిల్లలకు విడిగా ఉంచుదాం" అన్నారు.

అంతే, గొడవ మొదలైంది. ఒక పెద్దాయన లేచి, "మా నాన్నగారికి లెక్కల్లో నూటికి తొంభై పైన వచ్చాయి. అయినా కులం చూసి ఇంజనీరింగ్ సీటు ఇవ్వలేదు. బొంబాయి పోయి గుమాస్తాగా చేరారు. మళ్ళీ అదే పని మనమూ చేద్దామా?" అన్నారు. ఆయన గొంతు వణికింది. పక్కనే ఉన్న ఇంకో పెద్దాయన, "ఆ జి.ఓ. లేకపోతే మా తాతగారికి కలెక్టరాఫీసు గుమ్మం తెలిసేది కాదండీ. ఆయన చదివించబట్టే మేమంతా ఇక్కడ కూర్చున్నాం" అన్నారు. ఇద్దరూ ముప్ఫై ఏళ్ళ స్నేహితులు. ఆ రోజు పలకరించుకోకుండానే వెళ్ళిపోయారు.

ఇద్దరూ చెప్పింది ఒకే ఉత్తర్వు గురించి. పాత మద్రాసులో దాన్ని కమ్యూనల్ జి.ఓ. అనేవారు. ఇద్దరు చెప్పిందీ నిజమే. ఆ ఉత్తర్వు పుట్టుకలోనూ, దాన్ని కోర్టులో పడగొట్టడంలోనూ మన తెలుగువాళ్ళే ముందు వరసలో ఉన్నారు. అందుకని ఓటు వేసే ముందు ఆ చరిత్ర ఒక్కసారి చూసుకుందామని ఈ పోస్టు. కాస్త పొడుగే. ఓపిగ్గా చదవండి.

నూరేళ్ళ కిందట మైలాపూరు అంటే పేట పేరే కాదు, ఒక రాజకీయ వర్గం పేరు కూడా. సర్ వి. భాష్యం అయ్యంగారు, సర్ ఎస్. సుబ్రమణ్య అయ్యరు, వి. కృష్ణస్వామి అయ్యరు, పి.ఎస్. శివస్వామి అయ్యరు, అందరూ హైకోర్టు దిగ్గజాలు. పత్రికలవాళ్ళు వాళ్ళను 'మైలాపూరు వర్గం' అనేవారు. వాళ్ళకు పోటీగా 'ఎగ్మూరు వర్గం' ఉండేది. మైలాపూరువాళ్ళు సామాన్యులు కారు. 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టడానికి ముందు నిలబడినది కృష్ణస్వామి అయ్యరే. వాళ్ళ ప్రతిభను ఎవరూ కాదనలేదు. ఆ ప్రతిభకు తలుపు తీసిన చదువు ఎవరి ఇళ్ళదాకా వచ్చింది, ఎవరి గడప ముందే ఆగిపోయింది అన్నదే తగవు.

అంకెలు చూడండి. మద్రాసు రాజధానిలో బ్రాహ్మణులు నూటికి ముగ్గురు. 1913లో గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడు అలెగ్జాండర్ కార్డ్యూ పబ్లిక్ సర్వీసుల రాయల్ కమిషన్ ముందు సాక్ష్యం ఇచ్చాడు. 1892 నుంచి 1904 మధ్య ఇక్కడినుంచి ఐ.సి.ఎస్. నెగ్గిన 16 మందిలో 15 మంది బ్రాహ్మణులని చెప్పాడు. ఆ కాలంలో డిప్యూటీ కలెక్టర్లలో సగానికి పైగా, జిల్లా మునసబుల్లో నూటికి డెబ్బై పైగా, సబ్ జడ్జీల్లో నూటికి ఎనభై పైగా వాళ్ళే.

దొరలకు ఈ సంగతి అప్పుడే కొత్తగా తెలిసిందా? కాదు. 1854లోనే రెవెన్యూ బోర్డు ఒక స్టాండింగ్ ఆర్డరు వేసింది. జిల్లాల్లో చిన్న ఉద్యోగాలు కొన్ని పలుకుబడి గల కుటుంబాల చేతుల్లోనే చిక్కుకోకుండా చూడాలనీ, ముఖ్యమైన ఉద్యోగాలు వేరువేరు కులాలకు పంచాలనీ కలెక్టర్లకు చెప్పింది. అరవై ఏళ్ళు ఆ ఆర్డరు కాగితం మీదే ఉండిపోయింది.

ఉద్యోగం తర్వాతి మాట, ముందు పట్నంలో ఉండి చదువుకోవాలి గదా! పల్లెనుంచి వచ్చిన బ్రాహ్మణేతర కుర్రవాడికి మద్రాసులో అద్దెకు గది, కూటికి మెస్సు దొరకడమే కష్టం. అందుకే డాక్టర్ సి. నటేశ మొదలియారు 1916లో తిరువల్లిక్కేణిలో వాళ్ళ కోసం ద్రావిడ హోమ్ అనే హాస్టలు పెట్టారు. ఆ ఏడాదే నవంబరులో పిట్టి త్యాగరాయ చెట్టి, డాక్టర్ టి.ఎం. నాయర్ తదితరులు కలిసి సంస్థ పెట్టారు. డిసెంబరులో బ్రాహ్మణేతరుల ప్రకటన వచ్చింది. తర్వాత దాన్నే జనం జస్టిస్ పార్టీ అన్నారు.

ఇక్కడ మన తెలుగు సంగతి. త్యాగరాయ చెట్టి తెలుగు దేవాంగుల ఇంటివాడు, చాకలిపేట బట్టల వ్యాపారి. పార్టీకి ఇంగ్లీషులో 'జస్టిస్', తమిళంలో 'ద్రావిడన్' ఉన్నట్టే తెలుగులో 'ఆంధ్ర ప్రకాశిక' ఉండేది. 1920 ఎన్నికల్లో గెలిచాక చెట్టిగారు పదవి వద్దన్నారు. 1921 జులైలో ప్రథమ మంత్రి అయినవారు పానగంటి రామరాయణింగారు, అంటే పానగల్ రాజా. కాళహస్తిలో పుట్టి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివినవారు. తర్వాత ఆ పదవికి వచ్చిన మునుస్వామి నాయుడు, బొబ్బిలి రాజా కూడా మనవాళ్ళే. టి. నగర్లో పానగల్ పార్కు పక్కన చీరలు కొని, త్యాగరాయ పేరున్న రోడ్డు మీద ఆటో ఎక్కి ఇంటికి వస్తాం. ఆ రెండు పేర్లూ ఎవరివో మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

పానగల్ రాజా వచ్చిన రెండు నెలలకే, 1921 సెప్టెంబరు 16న, మొదటి కమ్యూనల్ జి.ఓ. వచ్చింది. నెంబరు 613. అందులో వాటాల అంకెలేవీ లేవని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. 1854నాటి పాత సూత్రాన్ని అన్ని శాఖలకూ వర్తింపజేసింది. కొత్తగా ఎవరెవరిని తీసుకున్నారో వర్గాలవారీగా ఆరు నెలలకోసారి లెక్క పంపమంది. అంటే ముందు లెక్క అడిగారు. ఎవరైనా లెక్క అడిగితేనే గదా పంపకం సంగతి బయటపడేది.

అసలు పంపకం 1927లో వచ్చింది. అప్పటికి జస్టిస్ పార్టీ అధికారంలో లేదు. సుబ్బరాయన్ గారి మంత్రివర్గం ఉంది. ఆ ఉత్తర్వు ప్రకారం ప్రతి పన్నెండు ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లిములకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు 2, అణగారిన వర్గాలకు 1.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగుదాం. ఇది ఇప్పటి రిజర్వేషన్ లాంటిది కాదు. ఇందులో ఓపెన్ కాంపిటీషన్ అనేదే లేదు. పన్నెండూ పంచేశారు. బ్రాహ్మణులకూ జనాభాకు మించిన వాటాయే ఉంది. కానీ బాగా చదువుకుని క్యూలో నిలబడ్డవాళ్ళలో వాళ్ళే ఎక్కువ కాబట్టి, ఆ రెండింటి కోసం పోటీ భయంకరంగా ఉండేది. మన పెద్దాయన నాన్నగారిలాంటి వాళ్ళు నలిగింది అక్కడే. తప్పు ఆ కుర్రాళ్ళది కాదు. వాళ్ళ తాతలకు దొరికిన అవకాశానికి వాళ్ళు మూల్యం కట్టారు. ఢిల్లీకి, బొంబాయికి రైలెక్కిన ఆ తరాన్ని తలుచుకుంటే ఎవరికైనా బాధ కలుగుతుంది. కలగాలి కూడా.

ఇప్పుడు చివరి అంకె చూడండి. ఒకటి. ఆనాడు రాజధానిలో ప్రతి ఆరేడుగురిలో ఒకరు అంటరానివారిగా చూడబడినవారు. వాళ్ళకు పన్నెండింట ఒక్కటి. బ్రాహ్మణేతర ఉద్యమం వాళ్ళనూ కలుపుకుని మొదలైంది. ఎం.సి. రాజా గారు ఆ పార్టీలోనే ఉన్నారు. ఆయన పట్టుదల వల్లే 1922లో ప్రభుత్వం పాత కించపరిచే పేర్లు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లు వాడమంది. కానీ 1921లో బకింగ్‌హాం కర్ణాటిక్ మిల్లు సమ్మె రోజుల్లో పులియాంతోపులో అల్లర్లు జరిగాయి. ఆది ద్రావిడులను ఆ పేట నుంచే పంపించేయాలన్నట్టుగా పార్టీ పెద్దలు కొందరు మాట్లాడారు. ఉద్యోగాల్లోనూ తమవాళ్ళకు న్యాయం జరగడం లేదని చెప్పి 1923లో రాజా గారు పార్టీ వదిలేశారు. పైవాడు నాకు వాటా ఇవ్వలేదని కొట్లాడినవాడే, కిందివాడు వాటా అడిగితే వినిపించుకోలేదు. ఇది ఏ ఒక్క కులం కథా కాదు. ఇందులో మనందరి తాతలూ ఉన్నారు.

ఆ ఐదు వాటాల్లోనూ తగవు వచ్చింది. బ్రాహ్మణేతరుల్లో భూములున్నవాళ్ళే అన్నీ తీసుకుంటున్నారని, చేతివృత్తులవాళ్ళు, చిన్న కులాలవాళ్ళు 1934లో వెనుకబడిన వర్గాల లీగు పెట్టారు. 1947లో లెక్క మారింది. పద్నాలుగింట బ్రాహ్మణేతరులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవులు ఆంగ్లో ఇండియన్లకు 1, ముస్లిములకు 1. వెనుకబడినవాళ్ళను విడిగా లెక్కపెట్టడం అప్పుడు మొదలైంది.

1950 జనవరిలో రాజ్యాంగం వచ్చింది. ఆ వేసవిలోనే చంపకం దొరైరాజన్ అనే ఆమె మెడికల్ సీటు విషయంలో, సి.ఆర్. శ్రీనివాసన్ అనే కుర్రవాడు ఇంజనీరింగ్ సీటు విషయంలో మద్రాసు హైకోర్టుకు వెళ్ళారు. ఇది తమిళుల గొడవ అనుకోకండి. అప్పటికి మనమంతా ఒకే రాష్ట్రం. మెడికల్ కాలేజీల్లో 330 సీట్లు, ఇంజనీరింగ్‌లో 395. విశాఖ, గుంటూరు మెడికల్ కాలేజీలూ, కాకినాడ, అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలూ అందులోవే.

శ్రీనివాసన్ తరఫున వాదించింది అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. మన లజ్ చర్చి రోడ్డు అల్లాడి. నెల్లూరు జిల్లా పూడూరులో పేద పూజారి ఇంట పుట్టి, మద్రాసు అడ్వకేట్ జనరల్ అయి, రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడైన మనిషి. తను రాసిన పుస్తకాన్నే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఫుల్ బెంచి. ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారు, మద్రాసు హైకోర్టుకు మొదటి భారతీయ ప్రధాన న్యాయమూర్తి, తెలుగు నాటక రచయిత, 'తప్పెవరిది' రాసినాయన. 1950 జులైలో ఆ బెంచి జి.ఓ. చెల్లదంది. ద్రవిడ ఉద్యమం భగ్గుమంది. ఆగస్టు 14న పెరియారు పిలుపుతో నిరసనలు జరిగాయి.

1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల బెంచి అదే మాట చెప్పింది. ఆ రోజే ఇంకో తీర్పు కూడా వచ్చింది, దాన్ని జనం మర్చిపోయారు. బి. వెంకటరమణ కేసు. 83 జిల్లా మునసబు ఉద్యోగాలను హరిజనులకు 19, ముస్లిములకు 5, క్రైస్తవులకు 6, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతరులకు 32, బ్రాహ్మణులకు 11గా పంచారు. ఈ కేసులో కోర్టు హరిజనుల వాటా, వెనుకబడిన హిందువుల వాటా చెల్లుతాయంది. మిగతా పంపకమే చెల్లదంది. ఎందుకంటే ఉద్యోగాల విషయంలో వెనుకబడినవారికి రిజర్వేషన్ ఇవ్వవచ్చని రాజ్యాంగంలో 16(4) ముందే ఉంది. చదువుల విషయంలో అలాంటి వాక్యం లేదు. అందుకే చదువుల జి.ఓ. మొత్తం కూలిపోయింది.

ఆ లోటు పూడ్చడానికే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. తీర్పు వచ్చిన డెబ్బై రోజులకు, 1951 జూన్ 18న, 15(4) రాజ్యాంగంలో చేరింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకూ, షెడ్యూల్డు కులాలు, తెగలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చు. దీంతో పాత ఆలోచనే మారిపోయింది. 'అందరికీ తలా ఒక వాటా' పోయి 'వెనుకబడినవాళ్ళకు చేయూత' వచ్చింది. పానగల్ రాజా పుట్టిన పద్మనాయక వెలమలతో పాటు రెడ్లు, కమ్మవారు కూడా ఈనాడు ఆంధ్ర, తెలంగాణల్లో ఓపెన్ కేటగిరీలోనే ఉన్నారు. ఉద్యమం ఎవరి పేరు మీద మొదలైందో వాళ్ళలో చాలామంది దాని అవసరం దాటిపోయారు. అది ఆ ఉద్యమం గెలిచిందనడానికి గుర్తే గదా!

అమెరికాలో ఉన్న మన పిల్లలు అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. అక్కడి సుప్రీంకోర్టు 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో, జాతిని చూసి సీట్లు ఇవ్వకూడదంది. 1951లో మన కోర్టు చెప్పింది కూడా దానికి దగ్గరి మాటే. ఇక్కడ పార్లమెంటు రాజ్యాంగం సవరించింది. అక్కడ సవరణ అంత తేలిగ్గా అయ్యే పని కాదు.

ఆ తర్వాత మన రాష్ట్రాల్లో జరిగిందంతా ఆ చివరి అంకె కథే. ఆంధ్రప్రదేశ్‌లో అనంతరామన్ కమిషన్ తర్వాత 1970లో బి.సి.ల 25 శాతాన్ని ఎ, బి, సి, డి అని నాలుగు పాళ్ళు చేశారు. బలమైనవాళ్ళు బలహీనుల వాటా కూడా తినకుండా అన్నమాట. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలై, షెడ్యూల్డు కులాల్లోనూ అదే న్యాయం అడిగింది. 1997లో వర్గీకరణ వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2009లో తమిళనాడు తన 18 శాతం లోపలే అరుంధతియార్లకు 3 శాతం విడిగా ఇచ్చింది. 2024 ఆగస్టు 1న ఏడుగురి బెంచి, ఆరుగురు ఒకవైపు ఒకరు ఒకవైపుగా, ఇలాంటి వర్గీకరణ చెల్లుతుందంది. తమిళనాడు చట్టం నిలిచింది. 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా వర్గీకరణ చేశాయి.

ఆ తమిళనాడు చట్టంలో అరుంధతియార్లుగా ఏడు పేర్లున్నాయి. అరుంధతియార్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర. చదువుతూ ఉంటే ఏమనిపించింది మీకు? మాదిగ, తోటి, ఆది ఆంధ్ర. తెలుగు పేర్లు! చెన్నై వీధులు ఊడ్చి, మురుగు ఎత్తే పనికి తరాల కిందట ఆంధ్ర జిల్లాల నుంచి తెచ్చిన మనుషులు వీళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తమిళనాడు ప్రభుత్వానికి వీళ్ళు కనిపించారు. మైలాపూరు తెలుగు సంఘానికి కనిపించలేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. గొడవ జరిగిన మర్నాడు, పానగల్ రాజా చేసిన పనే మేమూ చేశాం. ముందు లెక్క తీశాం. మన విద్యా సహాయం రిజిస్టరు మొదటి పేజీనుంచి చివరిదాకా చూశాం. ఆ కుటుంబాల పిల్లలు ఒక్కరు కూడా లేరు. మార్కులు రాక కాదు, దరఖాస్తే రాలేదు. మా వీధి ఊడ్చే అక్క రోజూ "ఏం అన్నా, బాగుండారా" అని తెలుగులోనే పలకరిస్తుంది. ఆమె కూతురు పోయినేడు ప్లస్ టూ మంచి మార్కులతో పాసయింది. "మా సంఘం డబ్బులిస్తుంది, తెలుసా అక్కా?" అని అడిగాం. "మాకెవరు చెప్పినారన్నా?" అంది. మన ప్రకటన వేసేది ఎక్కడ? మన వాట్సాప్ గ్రూపులో. ఆమె అందులో లేదు. కాబట్టి మనది ఇన్నాళ్ళూ ఓపెన్ కాంపిటీషన్ అనుకున్నది, నిజానికి తలుపు మూసి పెట్టిన పోటీ.

ఇక మన పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు. "మళ్ళీ అదే పని చేద్దామా?" అయ్యా, మీ నాన్నగారికి జరిగింది మరచిపోమని అడగడం లేదు. పన్నెండూ పంచేద్దామనీ అనడం లేదు. పది మార్కులకే ఉంటాయి. రెండు మాత్రం విడిగా ఉంచుదాం. అందుకు డబ్బు చాలకపోతే పద్నాలుగు చేద్దాం, ఆ అదనపు భారం కమిటీ సభ్యులం మోస్తాం. ఆ పిల్లలు మార్కుల మీద నెగ్గి వచ్చే రోజు వస్తే, ఆ రెండూ తీసేద్దాం. తాతగారి గురించి చెప్పిన పెద్దాయనకూ ఒక మాట. మీ తాతగారికి తలుపు తెరిచిన ఆ జి.ఓ.లోనే వీళ్ళకు పన్నెండింట ఒక్కటే దొరికింది. దాన్ని రెండు చేసే అవకాశం ఇప్పుడు మన చేతిలో ఉంది.

చివరిగా ఒక సంగతి. ఏటా డిసెంబరు 15న రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణం వదిలిన చోటికి వెళ్ళి దండ వేస్తాం. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో 58 రోజులు పస్తున్నారని అందరికీ చెబుతాం. 1946లో ఆయన నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశారు. ఆ సంగతి మన ఉపన్యాసాల్లో ఎన్నడూ రాలేదు. ఈ డిసెంబరులో దాన్నీ చెప్పుకుందాం.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్ళీ సమావేశం. ఓటు అప్పుడే. ఆ అక్కనూ, ఆమె కూతురినీ కూడా రమ్మన్నాం. ఆ ఇద్దరు పెద్దలనూ మేమే వెళ్ళి తీసుకొస్తాం, ఒకే ఆటోలో. మీ అభిప్రాయాలు కింద రాయండి. వాదించుకోండి, కులం పేరెత్తి తిట్టుకోవద్దు. తిట్లుంటే తీసేస్తాం.

ఇట్లు, మీ సంఘం మిత్రులం.